తాలు ఏరిన ఫోటోలు

మా స్టూడియో వెనక గది ఒకప్పుడు డార్క్ రూమ్. ఎర్ర బల్బు వెలుగులో ఫోటోలు కడిగిన గది. రీళ్ళు పోయి డిజిటల్ కెమెరాలు వచ్చాక, అదే గదిలో బల్ల మీద రెండు కంప్యూటర్ డబ్బాలు పెట్టి, వాటి పక్క రేకులు ఊడదీసి, లోపల పట్టినన్ని హార్డ్ డిస్కులు బిగించి, ఎదురుగా ఒక టేబుల్ ఫ్యాను పెట్టాను. దాన్ని మేం సర్వర్ అనేవాళ్ళం. గుంటూరు నుంచి వచ్చిన కంప్యూటర్ల మనిషి మొదటిసారి చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వితే నవ్వాడు గానీ, ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్ళలో నేను తీసిన పెళ్ళిళ్ళన్నీ పద్దెనిమిదేళ్ళు ఆ రెండు డబ్బాల్లోనే ఉన్నాయి.

ఆ డబ్బాలకు చేసినంత చాకిరీ నేను కట్టుకున్నదానికి కూడా చేయలేదు. ఈ మాట మా ఆవిడే అంటుంది, అబద్ధం కాదు. కరెంటు పోయిందంటే చాలు, ఏ ఊళ్ళో ఏ మండపం దగ్గర ఉన్నా ఫోన్ చేసి, యూపీఎస్ కూతపెడుతోందా, ఆపేశావా అని అడిగేవాణ్ణి. ఒకసారి లోపల బల్లి దూరి కాలిపోయి, రెండు రోజులు వాసన ఎక్కడిదో తెలియక ఇల్లంతా వెతికాం. అన్నిటికంటే కష్టం మిరప కోతలప్పుడు. మా రోడ్డు మీదుగానే కల్లాల నుంచి కాయ పోతుంది. ఆ దుమ్ము తలుపులు వేసినా ఆగదు, కిటికీలకు గుడ్డలు కట్టినా ఆగదు. వారానికోసారి మా ఆవిడ ముక్కుకు తువాలు చుట్టుకుని, పెయింటు కుంచెతో ఆ ఫ్యాన్ల రెక్కలు తుడిచేది. కుంచెకు ఎర్రటి పొడి అంటుకునేది. ఆమె అక్కడ తుమ్ముతుంటే నేను ఇక్కడ కౌంటర్ దగ్గర తుమ్మేవాణ్ణి.

ఇన్ని చేసినా మూడేళ్ళ కిందట ఒక డిస్కు పోయింది. చెప్పాపెట్టకుండా పోయింది. టిక్ టిక్ మని రెండు సార్లు కొట్టుకుని ఆగిపోయింది. ఐదు పెళ్ళిళ్ళు ఇంకా ఆల్బమ్ చేయనివి అందులో ఉన్నాయి. వాళ్ళ కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని, బంధువుల ఫోన్లలోంచి ఫోటోలు అడుక్కుని, ఎలాగో నాలుగు ఆల్బమ్‌లు అతికించాను. ఐదో పెళ్ళికూతురి తండ్రి మాత్రం స్టూడియో మెట్ల మీద నిలబడి, బజారంతా వినేలా, "ఏందయ్యా, నా కూతురికి మళ్ళీ పెళ్ళి చేయమంటావా?" అని అరిచాడు. నేను తల దించుకుని నిలబడ్డాను. నలభై ఏళ్ళు కెమెరా మోసి మోసి కుడి భుజం ఎప్పుడో అరిగిపోయింది. ఆ రోజు మిగతాది కూడా అరిగిపోయినట్టు అనిపించింది.

గుంటూరు మనిషిని పిలిపించాను. ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయి, చిన్న చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూసుకుంటాడు, మాట కటువు గానీ పని బాగా తెలిసినవాడు. "అన్నా, ఇయ్యన్నీ తీసి అవతల పారెయ్యండి. మొత్తం క్లౌడ్‌లోకి ఎక్కించేద్దాం. మీ ఇల్లు మునిగినా, కాలినా ఫోటోలకి ఏం కాదు" అన్నాడు.

"క్లౌడ్ అంటే ఎక్కడుంటాయి అవి?" అని మా ఆవిడ అడిగింది. మా స్టూడియోలో ఆల్బమ్‌లు డిజైన్ చేసేది ఆమే. కంప్యూటర్ పని నాకంటే ఆమెకే బాగా వచ్చు.

"ఎక్కడో పెద్ద పెద్ద గోడౌన్లుంటాయి అక్కా. వాళ్ళ కంప్యూటర్లలో మనం చోటు అద్దెకి తీసుకుంటాం."

"మిరపకాయ టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్నట్టేగా" అంది మా ఆవిడ. అతను, "అట్టాగే అనుకోండి" అన్నాడు. నాకూ ఒక్క దెబ్బకి అర్థమైంది. మా నాన్న రైతు. కాయ కోసి, ఎండబెట్టి, టిక్కీలకు, అంటే గోనె బస్తాలకు, ఎత్తి కోల్డ్ స్టోరేజీలో వేసి చీటీ తెచ్చుకున్నాక, ఆయన ఆ వారమంతా నిద్రపోయేవాడు. నాకు ఆ నిద్ర కావాలనిపించింది.

కానీ ఎక్కించడం అనుకున్నంత సులువు కాలేదు. మా ఊరి ఇంటర్నెట్‌లో సినిమా దిగినంత వేగంగా ఫోటోలు పైకి ఎక్కవు. గుంటూరు మనిషి ఏదో లెక్క వేసి, "మొత్తం ఎక్కాలంటే ఏడాది దాటుద్ది అన్నా. పైగా ఎంత చోటు వాడితే అంత అద్దె. పనికిరానియ్యి ముందే తీసెయ్యండి" అని చెప్పి బండెక్కి వెళ్ళిపోయాడు.

పనికిరానివి అనగానే మా ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. తాలు. కోల్డ్ స్టోరేజీకి పంపే ముందు ఎవరైనా కాయలోంచి తాలు ఏరిస్తారు. రంగు పోయి తెల్లబారిన కాయకు అద్దె కట్టి దాచుకునే రైతు ఈ దేశంలో లేడు. మా ఫోటోల్లో తాలు ఏదో కూడా మాకు బాగా తెలుసు. భోజనాల బంతి ఫోటోలు.

ఆ ఫోటోల సంగతి కొంచెం చెప్పాలి. మా వైపు పెళ్ళిలో ఫోటోలవాడు తాళి కట్టేది తీయకపోయినా క్షమిస్తారేమో గానీ, భోజనాల బంతి తీయకపోతే ఊరుకోరు. ప్రతి బంతిలోనూ, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఆకు ముందు కూర్చున్న ప్రతి మనిషి ముందూ ఆగి ఒక ఫోటో తీయాలి. ఎవరు వచ్చారు, ఎవరు తిన్నారు, ఎవరు అలిగి తినకుండా వెళ్ళారు, రేపు మాట వస్తే చూపించడానికి అది సాక్ష్యం. నోట్లో ముద్ద ఉండగా, దవడ ఉబ్బి, కళ్ళు సగం మూసుకుని ఉన్న మనుషుల ఫోటోలు పెళ్ళికి ఏడెనిమిది వందలు. ఆల్బమ్‌లో చివరి పేజీలో తపాలా బిళ్ళలంతేసి ఓ ఇరవై వేస్తాం. మిగతావి ఎవరూ మళ్ళీ చూడరు.

రీళ్ళ కాలంలో అయితే ఇంకో తంతు ఉండేది. రీలు ఖరీదు కాబట్టి, బంతి మొదట్లో నాలుగు ఫోటోలు నిజంగా తీసి, ఆ తర్వాత అందరి ముందూ ఉత్త ఫ్లాష్ కొట్టుకుంటూ పోయేవాళ్ళం. వెలుగు పడితే చాలు, వాళ్ళు సంతోషంగా నవ్వి ముద్ద మింగేవాళ్ళు. నాకు పని నేర్పినాయన మొదటి రోజు నేర్పిన విద్యే అది. డిజిటల్ వచ్చాక ఉత్త ఫ్లాష్ అవసరం లేకుండా పోయింది. అందరినీ నిజంగానే తీశాను. ఆ విషయం తలచుకుని లోలోపల కొంచెం గర్వపడేవాణ్ణి కూడా.

ఒక ఎండాకాలం పెళ్ళిళ్ళు లేని మూఢంలో ఇద్దరం కూర్చుని తాలు ఏరాం. ఒక్కొక్కటే చూసే ఓపిక ఎవరికుంది? ప్రతి పెళ్ళికీ భోజనాల ఫోటోలు విడిగా ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. పెళ్ళి తెరవడం, ఆ ఫోల్డర్ మీద నొక్కడం, చెరిపేయడం. వేలు నొప్పి పుడితే ఆమె లేచేది, నేను కూర్చునేవాణ్ణి. ఒక్కోసారి స్క్రీన్ మీద ఎవరో తెలిసినాయన సాంబారు అన్నం జుర్రుతూ మెరిస్తే ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. పది రోజుల్లో బరువు సగానికి తగ్గింది. మిగిలినవి ఆరేడు నెలల్లో ఎక్కాయి.

అన్నీ ఎక్కాయని గుంటూరు మనిషి సరిచూసి చెప్పాక, పాత డిస్కులు ఉంచుకుంటారా అని అడిగాడు. అక్కర్లేదన్నాను. వాటి మొహం చూడాలంటేనే నాకు విసుగు. అలాగని పాత సామాన్ల వాడికి వేస్తే పెళ్ళికూతుళ్ళ ఫోటోలు ఎవరి చేతిలో పడతాయో తెలియదు. పెరట్లో చెక్క మీద ఒక్కో డిస్కునీ పెట్టి, డ్రిల్లింగ్ మిషన్‌తో మూడేసి చిల్లులు పొడిచాను. మొదటి దానికి భయం వేసింది. నాలుగో దాని నుంచీ చాలా హాయిగా ఉంది. వెనక గది ఖాళీ అయింది. మా ఆవిడ అక్కడ ఆవకాయ జాడీలు పెట్టింది. ఆ వారమంతా నేను కూడా మా నాన్నలాగే నిద్రపోయాను.

కిందటి ఏడాది మిరప కోతలప్పుడు, పొద్దున్నే షట్టర్ ఎత్తుతుండగా ఒకమ్మాయి పసిబిడ్డతో వచ్చి మెట్ల మీద నిలబడింది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తుందట. ముందురోజు అంటిన ఘాటు ఇంకా పోలేదని చేతుల్తో బిడ్డను ముట్టకుండా, మోచేతుల మధ్య ఎత్తుకుంది.

"బాబాయ్, పాత పెళ్ళిళ్ళ ఫోటోలు మీ దగ్గర ఉంటాయంటగా. మా అమ్మ ఫోటో కావాలి" అంది.

ఎవరి పెళ్ళి తల్లీ అని అడిగాను.

"మా అమ్మ పెళ్ళి కాదు. అందరి పెళ్ళిళ్ళూ. వంట మేస్త్రి తాత దగ్గర మా అమ్మ పనికెళ్ళేది. బంతిలో నీళ్ళు పోసేది, ఆకులు ఎత్తేది. నాకు ఆరేళ్ళప్పుడు పోయింది. రేషన్ కార్డు మీద ఉండేది ఫోటో, అది వానకి తడిసి తెల్లగా పోయింది. ఇంకెక్కడా లేదు." బిడ్డ వైపు చూసింది. "దీన్ని చూసి అందరూ అమ్మమ్మ పోలిక అంటున్నారు. నాకేమో అమ్మ మొహమే గుర్తురావట్లేదు. ఎంత తలుచుకున్నా రావట్లేదు. తాతని అడిగితే, ఫోటోలాయన ప్రతి బంతీ తీశాడు, ఆయన దగ్గర మీ అమ్మ లేకుండా ఎక్కడికి పోద్ది అన్నాడు."

లోపల కంప్యూటర్ ముందు కూర్చున్న మా ఆవిడ చేతిలో పని ఆపేసింది. నేను ఆమె వైపు చూడలేదు. నా నోట్లోంచి చటుక్కున వచ్చింది, "అంత పాతవి ఎవరుంచుతారమ్మా" అని. ఆ అమ్మాయి వెంటనే, "అవునులే బాబాయ్" అంది. ఆ ఒప్పుకోవడమే నన్ను చంపేసింది. బేరం ఆడితే బాగుండేది, తిట్టినా బాగుండేది. మెట్లు దిగి, బిడ్డ తలకు కొంగు కప్పి, ఎండలో పడి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు మా ఆవిడే, "ఎన్నిట్లో ఉండి ఉంటదో కదండీ" అంది. నాకు ఒళ్ళు మండింది. నీకు తెలియదా, నువ్వు మాత్రం నొక్కలేదా అని అరిచాను. అన్నం సగంలో వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాను. సిగ్గుగా ఉంది, ఆ సిగ్గు మీద కోపంగా ఉంది, ఇంత చిన్న విషయానికి ఇంత బాధేమిటని దాని మీద విసుగ్గా ఉంది.

మర్నాడు వంట మేస్త్రి ఇంటికి వెళ్ళాను. ఆయనకు డెబ్బై దాటాయి, కంటికి శుక్లాల ఆపరేషన్ అయి నల్ల అద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. నాకు యాభై ఆరేళ్ళు వచ్చినా ఆయనకు నేను ఇంకా ఫోటోల కుర్రాణ్ణే. "ఏరా ఫోటోలోడా, పెళ్ళిలో చికెన్ ముక్క సరిగ్గా పడలేదని ఇప్పుడొచ్చావా?" అన్నాడు. సంగతి చెప్పాను. భోజనాల ఫోటోలు తీసేశానని కూడా చెప్పాను. ఆయన అద్దాలు సర్దుకున్నాడు. "మరి మిగిలినయ్యి ఉన్నయ్యా?" అన్నాడు. ఉన్నాయన్నాను. "అయితే పద. నేను చూస్తా. ఆ మనిషి మండపం దగ్గరికి రాకుండా ఉండేది కాదు. తాళి కట్టే టయానికి బకెట్టు అక్కడ పడేసి పరిగెత్తేది. ఎన్ని తిట్లు తిట్టానో."

మూడు రోజులు పొద్దున పూట ఆయన మా స్టూడియోకి వచ్చాడు. అద్దె గోడౌన్‌లో దాచిన సరుకు నిజంగానే భద్రంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ అమ్మాయి తల్లి పనికి వచ్చిన మూడు నాలుగేళ్ళలో ఆయన వంట చేసిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కొక్కటీ తెరిచాం. మా ఆవిడ ఫోటోలు జరుపుతుంటే ఆయన స్క్రీన్‌కు ముక్కు ఆనించి చూసేవాడు. నేను వెనక నిలబడేవాణ్ణి. అన్నిట్లోనూ పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, వాళ్ళ వెనక మేనమామలు, పట్టుచీరలు, వీడియో లైటు. ఎంత జాగ్రత్తగా తీశానో తెలుసా? పనివాళ్ళు ఎవరైనా వెనక అడ్డం వస్తే, చెయ్యి ఊపి పక్కకు జరగమని, అప్పుడు తీసేవాణ్ణి. ఆ ఫ్రేముల శుభ్రత చూసి అప్పట్లో నన్ను మెచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు వందల ఫోటోల్లో ఒక్క పనిమనిషి మొహం దొరక్క, నా పనితనం మీద నాకే అసహ్యం వేసింది.

మూడో రోజు, ఒక తలంబ్రాల ఫోటో దగ్గర ఆయన, "ఆగమ్మా" అన్నాడు. పెళ్ళికూతురి చెయ్యి పైకి లేచి ఉంది, తలంబ్రాలు గాల్లో ఉన్నాయి. దూరంగా, రెండు షామియానా గుడ్డలు కలిసే చోట సందులో, ఒకామె నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, తడి చేతులు విదిలించుకుంటూ, నోరంతా తెరిచి నవ్వుతోంది. "ఇదే. బకెట్టు పడేసి వచ్చిందిగా మళ్ళీ" అన్నాడు మేస్త్రి. నల్ల అద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆపరేషన్ చేసిన కంటికి చెయ్యి తగలకూడదని మా ఆవిడ చెబుతూనే ఉంది.

కబురు పంపితే ఆ అమ్మాయి ఆ సాయంత్రమే పని నుంచి నేరుగా వచ్చింది. ముందు బయట కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. తర్వాత వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుంది. బిడ్డను మా ఆవిడ ఎత్తుకుంది. ఫోటో తెరిచి, సందులో ఉన్న మనిషిని వేలితో చూపించాను.

ఆమె వంగి చూసింది. "ఇంకొంచెం దగ్గరికి తీసుకురా బాబాయ్."

పెద్దది చేశాను. నవ్వు కనిపించింది.

"ఇంకా దగ్గరికి."

ఇంకా పెద్దది చేశాను. అప్పటి కెమెరా, నేను చూసింది పెళ్ళికూతురి వైపు. వెనక ఉన్న మొహం మసకబారి, గళ్ళు గళ్ళుగా విడిపోయి, గోధుమరంగు చదరాలుగా మారింది. కళ్ళేవో ముక్కేదో తెలియలేదు. ఆ అమ్మాయి కంగారుగా, "వద్దు వద్దు, వెనక్కి తీసుకెళ్ళు" అంది. ఒక్కో మెట్టూ వెనక్కి వచ్చాను. మొహం మళ్ళీ మొహంగా నిలబడిన చోట, "అక్కడ ఆపు" అంది. అది బొటనవేలి గోరంత ఉంది. గోడల నిండా నిలువెత్తు పెళ్ళికూతుళ్ళను వేలాడదీసిన నేను, ఆ గోరంత ఫోటోను అదే కొలతకు ప్రింటు తీసి, చుట్టూ తెల్ల కాగితం వదిలి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని బిడ్డ మొహం పక్కన పెట్టి చూసింది. ఇటు చూసింది, అటు చూసింది. నవ్వింది. అప్పుడు మా ఆవిడకీ నాకూ తెలిసింది పోలిక ఎవరిదో. బిడ్డ సంగతి ఏమో గానీ, ఫోటోలో ఉన్న నవ్వు మాత్రం ఆ అమ్మాయిదే.

లేచి వెళ్ళబోతూ అడిగింది. "ఇదొక్కటేనా బాబాయ్?"

ఇదొక్కటే అని చెప్పి పంపేయొచ్చు. చెబితే అబద్ధం కూడా కాదు. కానీ మెట్ల మీద ఒకసారి చెప్పిన అబద్ధం మూడు రోజులు నన్ను నిలబెట్టింది, ఇంకోటి మోసే ఓపిక నాకు లేదు.

"చాలా ఉండేవమ్మా" అన్నాను. "భోజనాల ఫోటోలు. ప్రతి పెళ్ళిలో వందలు. మీ అమ్మ నీళ్ళు పోస్తూ అన్నిట్లోనూ ఉండే ఉంటుంది. పనికిరావని నేనే చెరిపేశాను."

కోపానికి సిద్ధపడే చెప్పాను. ఆమె మొహంలో కోపం రాలేదు. మా ఆవిడ దగ్గర్నుంచి బిడ్డను తీసుకుని, భుజం మీద సర్దుకుని, ఆశగా నా వైపు చూసింది.

"పోతే పోయినయ్యిలే బాబాయ్. మీరు చూశారుగా అయ్యన్నీ. ఎట్టా ఉండేది మా అమ్మ వాటిల్లో?"

ఆ ఏళ్ళ పెళ్ళిళ్ళలో ఏ పెళ్ళికూతురు ఏ రంగు చీర కట్టుకుందో ఇప్పటికీ చెప్పగలను. ఏ తండ్రి అప్పగింతలప్పుడు స్తంభం వెనక దాక్కుని ఏడ్చాడో చెప్పగలను. మా ఆవిడ వైపు చూశాను. ఆమె కీబోర్డు మీద దుమ్ము తుడుస్తోంది.

"చూళ్ళేదమ్మా" అన్నాను. "కెమెరా పట్టుకున్నప్పుడూ చూళ్ళేదు. చెరిపినప్పుడూ చూళ్ళేదు."